ఓడ ఖర్చు నుంచి ఫైలేరియా మాత్ర దాకా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో బోదకాలు అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కరలేదు. కాలికి చెప్పు పట్టక, పొలంలో దిగలేక, నలుగురిలోకి రావడానికి సిగ్గుపడి ఇంటి అరుగుకే అంటిపెట్టుకున్న మనుషులను చూస్తూనే ఉన్నాం. ఈ వ్యాధిని అరికట్టడానికి 2004 నుంచి దేశంలో ఫైలేరియా ఉన్న జిల్లాల్లో ఏడాదికోసారి డి.ఇ.సి. మాత్రలు పంచడం మొదలైంది. ఆ మాత్రను లోకానికి అందించిన పరిశోధక బృందానికి నాయకుడు తెలుగువాడు. ఆయనను సముద్రం దాటించడానికి ముందుకు వచ్చింది కాకినాడలోని ఒక ధర్మసంస్థ.

రంగం సొమ్ము

డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మద్రాసులో వైద్యం చదివారు. అన్నదమ్ములు సంగ్రహణి వ్యాధితో పోవడం చూసిన ఆయనకు ఇలాంటి జబ్బులకు మందు కనిపెట్టాలన్న పట్టుదల కలిగింది. అందుకు తగిన ప్రయోగశాల ఇక్కడ లేదు. అమెరికా వెళ్లడానికి చేతిలో డబ్బు లేదు.

అప్పుడు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాట ఇచ్చింది. మామగారు మరికొంత సొమ్ము కూడబెట్టి ఇచ్చారు. నాయకర్ రంగూన్‌లో వ్యాపారం చేసి గడించిన ఆస్తిని ధర్మకార్యాలకు రాసి ఇచ్చిన దాత. మన తీరం నుంచి వేలాది కూలీలు పొట్టకూటికి ‘రంగం’ వెళ్లిన సంగతి పెద్దలకు తెలిసిందే. ఆ రంగంలో పుట్టిన సొమ్మే ఒక పరిశోధకుని దారిఖర్చుకు ఆసరా అయింది. 1922 అక్టోబరులో ఆయన బోస్టన్ నగరం చేరారు.

కాలేజీ నుంచి కంపెనీకి

అక్కడా కష్టాలు తప్పలేదు. ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు ఎత్తే పని చేసి పొట్ట పోసుకున్నారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతిని రూపొందించారు. అది 1925లో వెలువడింది. ఇంత పని చేసినా అక్కడ ఆయనకు స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లే అనే మందుల కంపెనీకి మారి పరిశోధనలకు అధిపతి అయ్యారు.

ఈ మార్పే కలిసివచ్చింది. విశ్వవిద్యాలయంలో నేర్చిన విద్యకు కంపెనీ యంత్రాలు, మనుషులు, పెట్టుబడి తోడయ్యాయి. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. ఈనాడు గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రల్లో ఉండేది అదే. అదే కంపెనీలో పుట్టిన మరో మందును బోస్టన్ పిల్లల ఆసుపత్రి వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1947లో రక్తకేన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చి చూశారు. కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గింది. కేన్సర్‌ను మందుతో ఎదుర్కోవచ్చునన్న ఆశ అక్కడ మొదలయింది.

ఫైలేరియా మందు సంగతీ ఇలాంటిదే. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులు వేలమందికి ఈ వ్యాధి సోకింది. లెడర్లే బృందం ముందు ఎలుకలపై, కుక్కలపై మందును పరీక్షించింది. తర్వాత కంపెనీ శాస్త్రజ్ఞుడు హెవిట్, ప్యూర్టోరికో దీవిలోని వైద్యులతో చేయి కలిపి రోగులకు ఇచ్చి చూశారు. ఆ ఫలితాలు 1947లో ప్రచురితమయ్యాయి. కంపెనీ మనిషి, వైద్య విద్యాలయపు మనిషి ఒకచోట కూర్చోబట్టే మాత్ర బయటికి వచ్చింది.

మాత్ర చేసే పని

మురికినీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ ఈ వ్యాధిని ఒకరి నుంచి ఒకరికి చేరవేస్తుంది. పిల్ల పురుగులు రాత్రివేళ రక్తంలో తిరుగుతాయి. ఆరోగ్య సిబ్బంది రాత్రిపూట వచ్చి వేలిలో రక్తం తీసేది అందుకే. డి.ఇ.సి. మాత్ర ఆ పిల్ల పురుగులను చంపుతుంది. బాగా ముదిరి వాచిన కాలు మాత్రతో మామూలు కాదు. అయితే ఊరంతా మింగితే దోమకు పురుగు దొరకదు, మరొకరికి అంటదు. అందువల్ల ఒంట్లో ఏ బాధా లేనివారు కూడా మింగాలి. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్ర జబ్బుతో ఉన్నవారికి ఇవ్వరు. పంచిన మాత్రను చూరులో దోపి ఊరుకుంటే ఇంత శ్రమా వృథాయే.

మరో విశేషం. ఎయిసాయ్ అనే జపాను కంపెనీ ఇతర దేశాల రోగుల కోసం 220 కోట్ల డి.ఇ.సి. మాత్రలు ఉచితంగా ఇస్తామని ప్రపంచ ఆరోగ్య సంస్థకు మాట ఇచ్చింది. 2013 నుంచి అవి మన పొరుగున విశాఖపట్నంలోని దాని కర్మాగారంలోనే తయారై వెళ్లాయి. తెలుగువాడు అమెరికాలో చేయించిన మందును జపానువారు తెలుగుగడ్డ మీద తయారు చేశారన్నమాట.

తిరిగి రాని ప్రయాణం

ఈ కథలో లోటు కూడా ఉంది. సుబ్బారావుగారు మళ్లీ స్వదేశానికి రాలేదు. 1948 ఆగస్టులో న్యూయార్కులో కన్నుమూశారు. ఆయన భార్య శేషగిరిగారికి భర్తను తిరిగి చూసే భాగ్యం కలగలేదు. ఆయన నేర్చిన పని ఇక్కడి కుర్రవాళ్లకు నేర్పే అవకాశమూ లేకపోయింది. ఆ ప్రయాణానికి దారిఖర్చు దొరికింది గాని, తిరుగుదారి ఏర్పాటు లేదు.

ఆ ఏర్పాటును యూరప్ దేశాల సమాఖ్య చేసింది. మేరీ క్యూరీ పేరిట నడిచే పథకం కింద విశ్వవిద్యాలయాల వారు పరాయి దేశపు కంపెనీలకు, కంపెనీల వారు పరాయి దేశపు విశ్వవిద్యాలయాలకు ఒక నెల నుంచి ఏడాది దాకా వెళ్లి పని చేయవచ్చు. సొంత ఉద్యోగం పోదు. గడువు తీరగానే తిరిగి వచ్చి నేర్చుకున్నది తమ సంస్థలో చెప్పాలి. భారతదేశపు సంస్థలు కూడా ఇందులో చేరవచ్చు గాని, తమవారి ఖర్చు మామూలుగా తామే పెట్టుకోవాలి. చిన్న ఊళ్ల విద్యాసంస్థలకు అడ్డం వచ్చేది అదే.

మన దగ్గర ఎచ్చెర్లలో 2008లో ఏర్పడిన అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది. అదే జాతీయ రహదారి మీద పైడిభీమవరంలో మందుల కర్మాగారాలు ఉన్నాయి. ఎచ్చెర్ల అధ్యాపకుడు ఆరు నెలలు కర్మాగారంలో, కర్మాగారపు కెమిస్టు ఆరు నెలలు కాలేజీలో పని చేయడానికి ఓడ ఎక్కనక్కరలేదు. జీతం ఎవరివ్వాలి, తిరిగి వస్తే ఉద్యోగం ఉంటుందా అన్న రెండు ప్రశ్నలకు ముందుగా జవాబు ఉంటే చాలు. అక్కడ పని కుదిరినవారిని పరాయి దేశపు ప్రయోగశాలకు పంపడం తర్వాతి మెట్టు.

నూరేళ్ల క్రితం ఒక ధర్మసంస్థ, ఒక మామగారు కలిసి ఒక్క మనిషికి చేసిన పని అది. దాతలు దొరికినప్పుడే జరిగే పనిగా దాన్ని వదిలేయకుండా ప్రభుత్వం, విశ్వవిద్యాలయాలు, కర్మాగారాల యాజమాన్యాలు కలిసి ఏటా కొంత నిధి కేటాయిస్తే, మన జిల్లాల జబ్బులకు మందు వెతికే మనిషి మన జిల్లాల నుంచే రావచ్చు. వెళ్లినవాడు తిరిగీ రావచ్చు.