కప్ప పిండంలో కణాల వలస: వేగం, దిశ
జెనోపస్ లేవిస్ అనే ఆఫ్రికా కప్ప అండం వ్యాసం సుమారు 1.2 మిల్లీమీటర్లు. 23 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఫలదీకరణ జరిగిన దాదాపు 10 గంటలకు దాని పిండంలో గాస్ట్రులేషన్ ఆరంభమవుతుంది. అప్పుడు లోనికి చేరిన మధ్యస్త్వచ కణాలు, ద్రవకుహరపు పైకప్పు లోపలి తలంపై పరచుకొన్న ఫైబ్రోనెక్టిన్ తంతువులను ఆధారం చేసుకొని పాకుతాయి. వాటి వేగం నిమిషానికి కొద్ది మైక్రోమీటర్లే. నిమిషానికి 2 మైక్రోమీటర్లని భావించినా, గంటలో సాగేది 120 మైక్రోమీటర్లు, అనగా అండ వ్యాసంలో పదో వంతు.

అయితే వేగం ఒక్కటే కణాన్ని గమ్యానికి చేర్చదు. గుంపు నుండి వేరుపడిన కణం అన్ని వైపులకూ పాదాలు చాస్తుంది. గుంపులోని కణాన్ని పొరుగు కణాలు క్యాడ్హెరిన్ బంధాలతో వెనుకకు లాగుతాయి. ఆ లాగుడుకు ఎదురు దిశలోనే అది పాదాలు చాచి ముందుకు సాగుతుంది. అందుచేత కణవలస పరిశీలనలో నడిచిన మొత్తం దూరాన్నీ, గమ్యం వైపు సాగిన నికర దూరాన్నీ వేరువేరుగా గణించడం అవసరం.