లండన్‌కు అడ్డదారి లేదు

కోల్‌కతాకూ లండన్ హీత్రూకూ మధ్య ఆకాశంలో దూరం దాదాపు 7,980 కి.మీ. ఆగకుండా వెళ్లే విమానానికి అది పదిన్నర గంటల పని. ఎదురుగాలి ఉండదు కాబట్టి తిరుగు ప్రయాణంలో మరో గంట తగ్గుతుంది. కానీ కోల్‌కతా ప్రయాణికుడు 15 గంటలకు ముందు హీత్రూలో దిగడం అరుదు. నేరుగా వెళ్లే విమానం లేదు మరి.

ఒకప్పుడు ఈ బాధ లేదు. 1924లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి బటావియా బయల్దేరిన కేఎల్‌ఎం తొలి విమానం దమ్‌దమ్‌లో ఆగింది. 1933లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ లండన్ సర్వీసు కలకత్తా దాకా వచ్చింది. 1952లో మొదలైన లండన్-సింగపూర్ కామెట్ జెట్‌కూ ఇక్కడే మజిలీ. మరుసటి ఏడాది మేలో ఇక్కడి నుంచి లేచిన కామెట్ తుపానులో కూలి 43 మంది చనిపోయారు. అప్పటి విమానాలకు ఇంధనం కోసం మధ్యలో దిగక తప్పేది కాదు. ఎక్కువ దూరం ఎగరగల జెట్‌లు వచ్చాక దమ్‌దమ్ అవసరం తీరిపోయింది.

అసలు దెబ్బ 2009 మార్చిలో తగిలింది. గిట్టుబాటు కావడం లేదంటూ బ్రిటిష్ ఎయిర్‌వేస్ లండన్ సర్వీసును ఎత్తేసింది. అంతకు కొద్ది నెలల ముందే, 2008 డిసెంబర్‌లో, అదే సంస్థ హైదరాబాద్-లండన్ సర్వీసు ప్రారంభించింది. బ్రిటిష్ ఇండియాకు రాజధానిగా వెలిగిన నగరానికి ఇంతకన్నా చిన్నతనం ఏముంటుంది? ఫ్రాంక్‌ఫర్ట్‌కు నడిపిన లుఫ్తాన్సా కూడా 2012లో వెళ్లిపోయింది. రూ.2,300 కోట్లకు పైగా ఖర్చుతో కట్టిన కొత్త టెర్మినల్ 2013 జనవరిలో ప్రారంభమయ్యే నాటికి యూరప్ విమానాలే మిగల్లేదు. 2020 సెప్టెంబర్‌లో, కోవిడ్ కాలంలో, ఎయిరిండియా నడిపిన లండన్ సర్వీసూ నిలవలేదు.

విచిత్రమేమిటంటే, దుబాయ్ మీదుగా వెళ్తే పెరిగే దూరం దాదాపు 900 కి.మీ. మాత్రమే, అంటే గంటకు కాస్త ఎక్కువ. మిగతా సమయమంతా విమానం మారడానికే పోతుంది. కుర్రాళ్లకు ఇదో లెక్క కాదు. లండన్‌లోని పిల్లల దగ్గరకు వెళ్లే వృద్ధులకు మాత్రం అర్ధరాత్రి పరాయి విమానాశ్రయంలో గేటు వెతుక్కోవడమంటే గండమే. చాలామంది వీల్‌చెయిర్ అడుగుతున్నది నడవలేక కాదు, దారి తప్పుతామన్న భయంతో.

నేరుగా విమానం వేసినా మ్యాప్‌లో గీసినంత తిన్నగా వెళ్లదు. దగ్గరి దారి నేపాల్, టిబెట్‌ల మీదుగా పోతుంది. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే విమానం వెంటనే కిందికి దిగాలి, అక్కడేమో కింద కొండలు. అందుకే పైలట్లు పడమరకు మళ్లుతారు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసేశాక ఆ దారీ మన సంస్థలకు మరింత చుట్టయింది.

అదే ఏడాది అక్టోబర్‌లో కోల్‌కతాకు ఓ దూరదేశం దగ్గరైంది. ఐదేళ్ల విరామం తర్వాత భారత్-చైనా నేరు విమానాలు మొదలైంది ఇక్కడి నుంచే. ఇండిగో విమానం గ్వాంగ్జౌకు చేరడానికి నాలుగు గంటలు చాలు.