లక్కలో నిలిచిన రేకు

వేడుకకై ఒక చేతిపని మొదలుపెట్టి సగములో విడిచినవారిని లోకము సులభముగా సోమరులనును. ప్రదర్శన దినమునకు బొమ్మను పూర్తిచేయలేని విద్యార్థికి మార్కులు లేవు. పని సాగినంతసేపు ఆ బాలుడు పొందిన ఆనందమునకు విలువయే లేదా? ఈ ప్రశ్నకు బదులు చెప్పగల గ్రామము జనగామ చెంతనే యున్నది. అదియే పెంబర్తి.

హైదరాబాదు నుండి వరంగల్లు పోవు దారిలోని ఈ ఊర విశ్వకర్మలు ఇత్తడి రేకులపై నగిషీ పని చేయుదురు. ఆలయ వాహనములకు, రథములకు తొడుగులు చేసిన ఈ విద్య కాకతీయుల నాటిదని ప్రతీతి. 2010లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది.

రేకును కాల్చి మెత్తపరచి, లక్క పరుపుపై అదిమి నిలుపుదురు. దానిపై రూపము గీచి, ఉలితో సుత్తితో కొద్దికొద్దిగా అణచుదురు. అడుగున లక్క ఒదుగుచుండుటచే రేకు చిట్లక సాగును. పిమ్మట లక్కను వేడిచేసి రేకును విడదీసి, త్రిప్పి, మరల లక్కపై నిలిపి రెండవ వైపు పని సాగింతురు. మొదట పల్లమైనది ఇప్పుడు మిట్టయై కనబడును. తుదకు లక్కను తొలగించి మెరుగు పెట్టుదురు.

ఫలమునకై తొందరపడి కొట్టినచో రేకు చిట్లును. కావున ప్రతి దెబ్బయందును మనసు నిలుపక తప్పదు. పనిలోని సుఖము అదియే. అయితే ఆ సుఖములోనే మునిగి రేకును లక్క నుండి విడదీయనివానికి తాను మలచిన రూపము రెండవ ముఖము ఎన్నడును కనబడదు. దెబ్బ వేయునపుడు చేయి నేర్చును. రేకు త్రిప్పినపుడు కన్ను నేర్చును. ఏది మిక్కిలి లోతైనదో, ఏది చాలలేదో అప్పుడే తెలియును. జీవనమునకై చేయువానిని గడువు ఈ మెట్టుకు తెచ్చును. వేడుకకై చేయువాడు తనంతట తానే రావలెను.

ఆ జిల్లాలోనిదే బమ్మెర; పోతన పేరుతో వెలసిన ఊరు. ఆంధ్ర మహాభాగవతమున 5వ స్కంధము గంగనయు, 6వది సింగనయు, 11, 12 స్కంధములు నారయయు రచించిరి. కారణమేదైనను, ఆ మహాకార్యము ఒక్క చేతిమీదుగా ముగియలేదు. గజేంద్రుని మొర చదువువానికి ఆ కొరత తోపనే తోపదు. రచనలోని తన్మయత్వము ప్రతి పద్యమునను నిండియున్నది. అయినను ఆ ముగ్గురు పూనుకొనకున్నచో పండ్రెండు స్కంధముల తెలుగు భాగవతము మనకు దక్కెడిది కాదు. పనిలోని ఆనందము పద్యమునకు ప్రాణము పోసినది. ముగించు పట్టుదల గ్రంథమును నిలిపినది.

కావున పది పనులు మొదలుపెట్టి విడిచిన బాలుని ఉపాధ్యాయుడు నిందింపనక్కరలేదు. ఆ పదింటిని ముందు పెట్టించి, ఏ పనిలో చేయి ఎక్కువసేపు నిలిచినదో అడుగవలెను. ఆ ఒక్కదానిని లక్క నుండి విడదీసి, త్రిప్పి చూడుమని చెప్పిన చాలును.