కొబ్బరి చెట్ల ఎత్తు: గగనతల లేజర్ కొలతల కచ్చితత్వ పరీక్ష

కోనసీమ కొబ్బరి తోటలలో చెట్టు ఎత్తుపై అనేక నిర్ణయాలు ఆధారపడి ఉంటాయి. దింపు ఖర్చు, ముదురు తోటల పునరుద్ధరణ, తుపాను నష్టాల అంచనా వీటిలో ముఖ్యమైనవి. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను తరువాత నేలకూలిన చెట్లను తోట తోటకూ తిరిగి లెక్కించవలసి వచ్చింది. నేడు ఈ పనికి గగనతల లేజర్ స్కానింగ్ (లైడార్) అందుబాటులో ఉంది. అయితే దాని అంకెలను నమ్మే ముందు వాటిని క్షేత్రంలో పరీక్షించాలి.

కొలిచే విధానం

విమానం లేదా డ్రోన్ నుంచి వెలువడిన లేజర్ పల్సు తిరిగి వచ్చే కాలాన్నిబట్టి దూరం లెక్కించబడుతుంది. కాలంలో ఒక నానోసెకను పొరపాటు 15 సెం.మీ. దూరానికి సమానం. చెట్టు పైభాగపు మట్టం నుంచి నేల మట్టాన్ని తీసివేస్తే ఎత్తు లభిస్తుంది. డెల్టా భూములు చదునుగా ఉండడం ఇక్కడ అనుకూలాంశం. కానీ అరటి, కోకో అంతర పంటలు దట్టంగా ఉన్నచోట నేలను చేరే పల్సులు తగ్గుతాయి. అప్పుడు నేల మట్టం వాస్తవం కంటే పైన నమోదై చెట్టు పొట్టిగా కనిపిస్తుంది. కాలువలు, బోదెలలోని నీరు పరారుణ కాంతిని గ్రహించడం వల్ల అక్కడ నేల బిందువులు లోపిస్తాయి.

ఏది ఎత్తు?

దింపు కార్మికునికి మొవ్వు వరకు ఉన్న మానే ఎత్తు. లేజర్‌కు మాత్రం నిటారుగా లేచిన మట్ట కొస ఎత్తు. ఈ రెండింటి మధ్య తేడా కొన్ని మీటర్లు ఉండవచ్చు. దీనిని పరికర దోషంగా పరిగణించరాదు. నిర్వచనాన్ని ముందే నిర్ణయించుకోవాలి.

నేలపై కొలతా దోషరహితం కాదు. ఉదాహరణకు, 15 మీటర్ల చెట్టును మొదలు నుంచి 15 మీటర్ల దూరంలో నిలిచి క్లైనోమీటరుతో కొలుస్తున్నామనుకుందాం. దాని తల పరిశీలకుని వైపు 2 మీటర్లు వాలి ఉంటే, కంటి ఎత్తును విస్మరించినప్పుడు, ఎత్తు 17.3 మీటర్లుగా తేలుతుంది. అటువైపు వాలి ఉంటే 13.2 మీటర్లే వస్తుంది. అందువల్ల వాలు దిశకు లంబంగా నిలిచి కొలవాలి. కొన్ని చెట్లనైనా ఎక్కి, టేపుతో సరిచూడాలి.

దోషాల విశ్లేషణ

ఊహాత్మకంగా ఐదు చెట్లలో లేజర్ దోషాలు -0.8, -0.6, -0.9, -0.7, -0.5 మీటర్లు అనుకుందాం. సగటు దోషం -0.70 మీ., దోషాల వర్గ మధ్యమ మూలం 0.71 మీ. సగటు దోషాన్ని సవరిస్తే రెండవది 0.14 మీటర్లకు తగ్గుతుంది. అంటే ఇక్కడి దోషంలో అధికభాగం క్రమబద్ధమైనది, సవరించదగినది. సవరణకు వాడిన చెట్లతోనే కచ్చితత్వాన్ని ప్రకటించరాదు. అందుకు వేరే చెట్లను కేటాయించాలి.

సగటు చూపని చెట్లు

రాజోలు ప్రాంతంలో శంకరగుప్తం డ్రెయిన్ ఉప్పునీటి ముంపుకు గురైన తోటలలో తల రాలి మోడులైన చెట్లున్నాయి. మట్టలు లేని సన్నని మాను కొనపై, పల్సుల సాంద్రత తక్కువైనప్పుడు, ఒక్క పల్సూ పడకపోవచ్చు. అటువంటి మోడు పొట్టిగా నమోదు కావచ్చు, లేదా లెక్కలోనే లేకుండా పోవచ్చు. ఆరోగ్యవంతమైన చెట్లపై లభించిన చక్కని సగటు ఈ లోపాన్ని కప్పివేస్తుంది. నష్టపోయిన రైతుకు మాత్రం ఆ మోడుల లెక్కే కీలకం.

కాబట్టి నమూనా చెట్లను అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల నుంచి వేర్వేరుగా ఎంచుకోవాలి. ప్రతిచోటా నిటారు చెట్లు, వాలు చెట్లు, మోడులు, అంతర పంటల మధ్య చెట్లు, గంగబొండం వంటి పొట్టి రకాలు ఉండేలా చూడాలి. గాలి తక్కువగా ఉన్న వేళ స్కానింగ్ జరిపి, క్షేత్ర కొలతలను దానికి దగ్గరి తేదీలలో పూర్తిచేయాలి. ప్రతి వర్గానికీ సగటు దోషాన్ని, వర్గ మధ్యమ మూలాన్ని, గుర్తింపుకు రాని చెట్ల శాతాన్ని విడివిడిగా నివేదించాలి. ఈ మూడు అంకెలూ లేని ఎత్తు పటాన్ని నష్టపరిహార నిర్ణయాలకు ఆధారంగా సిఫారసు చేయరాదు.