ఆఫీస్ మ్యాక్‌లో మీ ఐఫోన్ తెరుస్తున్నారా?

2024లో మ్యాక్ఓఎస్ సెకోయా, ఐఓఎస్ 18తో ఐఫోన్ మిర్రరింగ్ వచ్చినప్పుడు అందరూ "అబ్బ, సూపర్" అన్నారు. నిజమే మరి, ఫోన్ లాక్‌లో బ్యాగులోనే ఉంటుంది, దాని స్క్రీన్ మాత్రం మ్యాక్‌లో మౌస్‌తో వాడేయొచ్చు.

కానీ ఆ అక్టోబర్‌లోనే సెవ్కో అనే సెక్యూరిటీ కంపెనీ ఒక బగ్ బయటపెట్టింది. ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో ఏమేం సాఫ్ట్‌వేర్లున్నాయో ఐటీ వాళ్ల టూల్ స్కాన్ చేస్తుంది కదా? మిర్రరింగ్ వాడితే మీ ఫోన్ యాప్‌లు కూడా ఆ లిస్టులోకి వెళ్లిపోయేవి! లోపలి డేటా కాదులెండి, పేర్లే. అయినా డేటింగ్ యాప్, హెల్త్ యాప్, వేరే జాబ్ వెతికే యాప్... పేరు తెలిస్తే చాలదా?

సెవ్కో చెప్పాక యాపిల్ ఫిక్స్ మీద పని మొదలుపెట్టింది. మీ మ్యాక్ అప్‌డేట్ అయిందో లేదో చూసుకోండి. నన్నడిగితే, ఆఫీస్ మ్యాక్‌లో పర్సనల్ యాపిల్ అకౌంటే వద్దు.