చిక్కని ద్రవంలో రంగు ఎందుకు కదలదు?

ప్రశ్న: నీళ్లలో మిఠాయి రంగు చుక్క వేస్తే చూస్తుండగానే పాకుతుంది. గ్లిజరిన్‌లో మాత్రం వేసినచోటే ఉండిపోతుంది. ఎందుకు? ఇంట్లో కొలిచి చూడడం ఎలా?

జవాబు: ముందు నీళ్ల సంగతి తేల్చుకుందాం. రంగు దారాలు దారాలుగా దిగి, మెలికలు తిరిగి గ్లాసంతా అల్లుకోవడాన్ని మనం వ్యాపనం అనుకుంటాం. నిజానికి అందులో వ్యాపనం పాలు చాలా తక్కువ. రంగుచుక్క నీటికన్నా కాస్త బరువు కనుక మునుగుతుంది. పైగా గ్లాసులో నీరు వేడి తేడాలకు లోలోపల తిరుగుతూనే ఉంటుంది. రంగును మోసుకెళ్లేది ఆ కదలికే. వ్యాపనమంటే అణువులు గుద్దుకుంటూ, దిక్కూదిశా లేకుండా తిరుగుతూ, రంగు ఎక్కువున్న చోటినుంచి తక్కువున్న చోటికి చేరడం. అది నీళ్లలోనూ నత్తనడకే. మామూలు రంగు అణువు ఒక మిల్లీమీటరు జరగడానికి సుమారు పావుగంట పడుతుంది. సెంటీమీటరు జరగాలంటే ఒక రోజు దాటుతుంది, ఎందుకంటే దూరం పదింతలైతే కాలం నూరింతలవుతుంది. వ్యాపనాన్ని లెక్కల్లోకి తెచ్చిన సూత్రాలు 1855లో అడాల్ఫ్ ఫిక్ ఇచ్చినవి.

జిగటకూ దీనికీ ఉన్న లంకెను 1905లో ఐన్‌స్టీన్ చూపాడు: ద్రవం జిగట ఎన్ని రెట్లు పెరిగితే వ్యాపనం అన్ని రెట్లు మందగిస్తుంది. 25 డిగ్రీల దగ్గర గ్లిజరిన్ జిగట నీటికి సుమారు వెయ్యి రెట్లు. అంటే పావుగంట పని అక్కడ పది రోజులు. లోపలి ప్రవాహాలను కూడా ఆ జిగటే అణచేస్తుంది.

మరి గట్టిగా ఉన్నదాంట్లో రంగు అసలే కదలదా? ఇక్కడే తమాషా. చైనాగ్రాస్ జెల్లీ గ్లాసు వంచినా జారదు, అయినా రంగు అందులో దాదాపు నీళ్లలో వ్యాపించినంత వేగంగానే వ్యాపిస్తుంది. జెల్లీలో ఉన్నది చాలావరకు నీరే. పొడవాటి అణువులు వలలా అల్లుకుని ఆ నీటిని ప్రవహించకుండా ఆపుతాయి. చిన్న రంగు అణువు మాత్రం వల కంతల్లోంచి తన దారిన పోతుంది. ఉప్పు విషయంలో ఈ సంగతి థామస్ గ్రాహం 1861లోనే గమనించాడు. కాబట్టి వ్యాపనాన్ని శుద్ధంగా చూడాలంటే నీళ్లకన్నా జెల్లీయే మేలు.

సన్నని గాజు గ్లాసులో, చక్కెర వేయకుండా, చైనాగ్రాస్ కాచి పోయండి. గడ్డకట్టాక పైన చెంచాడు రంగునీళ్లు వదలండి. మరో గ్లాసు గ్లిజరిన్‌కి. నీళ్లలో కలిపిన రంగు గ్లిజరిన్‌పై తేలుతుంది, అందుకని పొడి రంగును కాస్త గ్లిజరిన్‌లోనే నూరి అడుగున పోసి, దానిమీద చెంచా వెనకవైపు నుంచి తెల్ల గ్లిజరిన్ మెల్లగా జార్చండి. గ్లిజరిన్ గాలిలోని తేమను లాగుతుంది, మూత తప్పనిసరి. రెండు గ్లాసులూ ఒకేచోట, ఎండ తగలకుండా ఉంచాలి: 20 నుంచి 30 డిగ్రీలకు పోతే గ్లిజరిన్ జిగట సగానికి పైగా పడిపోతుంది. తేనె, గంజి ఈ పనికి రావు. ఒకదాని సొంత రంగు అడ్డం, రెండోదాని మసక అడ్డం.

గ్లాసుకు కాగితం స్కేలు అంటించి, జెల్లీలో రంగు అంచును గంట గడిచాక ఒకసారి, మళ్లీ నాలుగు గంటలు గడిచాక ఒకసారి గుర్తు పెట్టండి. రెండో గుర్తు మొదటిదానికి ఇంచుమించు రెట్టింపు లోతులో ఉండాలి. అంతకన్నా బాగా కిందికి దిగితే, జెల్లీ గ్లాసు గోడను వదిలి ఆ సందులోంచి రంగు కారిందేమో చూసుకోండి.