మూత్రం ఆపుకోలేని స్త్రీలకు ఏయే చికిత్సలున్నాయి?

మూత్రం ఆపుకోలేకపోవడం అందరిలోనూ ఒకేలా ఉండదు. దగ్గినా, తుమ్మినా, గట్టిగా నవ్వినా, నీళ్ల బిందె ఎత్తినా కొద్దికొద్దిగా కారిపోవడం ఒక రకం. కాన్పుల వల్లో, వయసు వల్లో, బరువు వల్లో కటి కండరాలు వదులై, పొట్టలో ఒత్తిడి పెరగగానే మూత్రనాళం మూసుకుని ఉండలేకపోవడం దీనికి కారణం. ఉన్నట్టుండి ఆగలేనంత ఆత్రంగా వచ్చి, బాత్రూమ్ తలుపు తీసేలోపే పడిపోవడం రెండో రకం. ఇందులో మూత్రాశయం నిండకముందే దాని కండరం ముడుచుకుంటుంది. చాలామందికి రెండూ కలిసే ఉంటాయి. ఏళ్ల తరబడి షుగర్ ఉండి నరాలు దెబ్బతిన్న కొందరిలో మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాక, నిండిపోయి బయటికి పొర్లుతుంది.

చికిత్స మొత్తం ఈ తేడా మీదే నడుస్తుంది. ఆత్రానికి ఇచ్చే మాత్ర దగ్గితే కారే మూత్రాన్ని ఆపదు. దగ్గితే కారే రకానికి చేసే ఆపరేషన్ ఆత్రాన్ని తగ్గిస్తుందన్న నమ్మకం లేదు. అందుకే డాక్టరు ముందుగా మూత్రపరీక్ష చేయించి ఇన్ఫెక్షన్ లేదని చూసుకుంటారు. తర్వాత కనీసం మూడు రోజుల లెక్క రాసుకురమ్మంటారు. ఎన్నింటికి ఎంత తాగారు, ఎన్నింటికి వెళ్లారు, కొలగ్లాసులో పడితే ఎన్ని మిల్లీలీటర్లు వచ్చింది, ఎప్పుడు కారింది, అప్పుడేం చేస్తున్నారు అన్నవి ఒక నోటు పుస్తకంలో రాస్తే చాలు. ఖరీదైన పరీక్షలు చెప్పని సంగతులు చాలాసార్లు ఈ కాగితమే చెబుతుంది. మూత్రంలో రక్తం కనిపించినా, నొప్పి ఉన్నా, కాళ్లలో తిమ్మిరి మొదలైనా ఆలస్యం చేయకూడదు.

‘పిల్లల్ని కన్నాక ఇది మామూలే’ అన్న మాట ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. ఆ మాట నమ్మి ఎందరో స్త్రీలు బస్సు ప్రయాణాలు, పెళ్లిళ్లు మానుకుంటారు, ప్యాడ్లతోనే ఏళ్లు గడుపుతారు. ఎక్కువమందికి వస్తుందన్నది నిజమే గానీ, భరించక తప్పదన్నది నిజం కాదు.

మొదటి చికిత్స వ్యాయామం. 1948లో అమెరికా గైనకాలజిస్టు ఆర్నాల్డ్ కెగెల్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. కటి కండరాలు ముందున్న ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా ఊయల గుడ్డలా పరుచుకుని మూత్రాశయాన్ని, గర్భసంచిని, పెద్దపేగు చివరి భాగాన్ని మోస్తుంటాయి. గ్యాస్ బయటికి పోకుండా బిగబట్టినప్పుడు లోపలికీ పైకీ లాగినట్టు తెలిసేవి ఇవే. పొట్ట, తొడలు, పిరుదులు బిగించకుండా, ఊపిరి బిగబట్టకుండా వీటిని మాత్రమే బిగించాలి. కొన్ని సెకన్లు పట్టి, అంతసేపూ వదలాలి. పోనుపోను పది సెకన్ల దాకా పెంచుకోవచ్చు. ఒక్కో విడతకు కనీసం 8 సార్లు, రోజుకు మూడు విడతలు, మూడు నెలలు చేస్తేనే ఫలితం తెలుస్తుంది. రెండు వారాలు చేసి పనిచేయలేదని మానేసేవారే ఎక్కువ. బిగించడానికి బదులు కిందికి ముక్కేవారూ ఉంటారు, అది మేలుకు బదులు కీడు చేస్తుంది. అందుకే ఒకసారి ఫిజియోథెరపిస్టు దగ్గర సరిచూసుకోవడం మంచిది. దగ్గు వస్తున్నట్టు అనిపించగానే ఈ కండరాలు బిగించి ఆ తర్వాత దగ్గడం అలవాటైతే చాలామందికి తేడా త్వరగానే కనిపిస్తుంది.

ఆత్రం రకానికి మూత్రాశయానికి ఇచ్చే శిక్షణ ముఖ్యం. గంటకోసారి వెళ్లే స్త్రీ ముందు గంటంపావుకు, వారం తర్వాత గంటన్నరకు, అలా రెండున్నర, మూడు గంటల దాకా వ్యవధి పెంచుకుంటుంది. దీనికి కనీసం ఆరు వారాలు పడుతుంది. కాఫీ, టీ తగ్గించడం, మలబద్ధకం లేకుండా చూసుకోవడం దీనికి తోడు. కారుతుందన్న భయంతో నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి ఆత్రం ఇంకా పెరుగుతుంది. బరువు తగ్గడం కూడా చికిత్సే. 2009లో అమెరికాలో వెలువడిన ప్రైడ్ అధ్యయనంలో ఆరు నెలల్లో సగటున 8 శాతం బరువు తగ్గినవారికి మూత్రం కారడం 47 శాతం తగ్గింది. ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్నవారిలో ఆ తగ్గుదల 28 శాతం.

ఇవి చాలకపోతే మందులు. సోలిఫెనసిన్, టోల్టెరోడిన్, ఆక్సీబ్యుటినిన్ మూత్రాశయ కండరాన్ని శాంతపరుస్తాయి. నోరు ఎండటం, మలబద్ధకం తెస్తాయి. పెద్ద వయసువారిలో మతిమరుపు, తికమక పెంచే ప్రమాదం ఉంది కాబట్టి అలాంటివారికి మిరాబెగ్రాన్ వైపు మొగ్గుతారు. అది వాడేటప్పుడు బీపీ చూసుకుంటూ ఉండాలి. నెలసరి ఆగిపోయాక యోని పొడిబారి ఆత్రం పెరిగినవారికి ఈస్ట్రోజన్ క్రీము ఉపయోగపడుతుంది.

మందులకూ లొంగకపోతే బొటాక్స్‌ను మూత్రాశయ గోడలోకి ఇంజెక్షన్‌గా ఇస్తారు. ప్రభావం కొన్ని నెలలే ఉంటుంది, మళ్లీ వేయించుకోవాలి. కొందరికి మూత్రం బయటికి రాక కొన్నాళ్లు గొట్టం వాడాల్సి వస్తుంది. చీలమండ దగ్గరి నరానికి సన్నని సూదితో వారానికోసారి అరగంట చొప్పున 12 వారాలు విద్యుత్ ప్రేరణ ఇవ్వడం మరో దారి.

దగ్గితే కారే రకానికి చివరి మెట్టు ఆపరేషన్. స్వీడన్‌కు చెందిన ఉల్ఫ్ ఉల్మ్‌స్టెన్ 1996లో ప్రకటించిన పద్ధతిలో మూత్రనాళం కింద సన్నని మెష్ పట్టీ అమరుస్తారు. ఎంతోమందికి మేలు జరిగింది. కొందరిలో మాత్రం ఆ పట్టీ యోని గోడను ఒరుసుకుని బయటపడింది, మరికొందరికి తగ్గని నొప్పి మిగిలింది. ఈ ఫిర్యాదుల తర్వాత 2018లో ఇంగ్లండ్ దాని వాడకానికి విరామం ప్రకటించింది. మెష్ వద్దనుకునేవారికి తమ పొట్ట కండరం పొర నుంచే తీసిన పట్టీని వాడవచ్చు. 1961 నాటి బర్చ్ కుట్ల ఆపరేషనూ ఉంది. మూత్రనాళం గోడను ఉబ్బించే ఇంజెక్షన్ తేలికే గానీ దాని ఫలితం అంతకాలం నిలవదు. ఏది ఎంచుకున్నా, ఇక పిల్లలు వద్దనుకున్నాకే ఆపరేషన్ చేయించుకోవడం మేలు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గర్భసంచి తీయించుకున్న స్త్రీలు దేశంలో ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే. ఆ ఆపరేషన్ తర్వాతి కాలంలో మూత్రం కారే ముప్పు పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. నిజంగా అవసరమైతేనే దానికి ఒప్పుకోవడానికి ఇదొక బలమైన కారణం. ఆపరేషనో కష్టమైన కాన్పో అయిన కొద్ది రోజులకే రాత్రింబవళ్లు ఆగకుండా కారుతుంటే మాత్రం పైన చెప్పినవేవీ పనికిరావు. మూత్రాశయానికీ యోనికీ మధ్య రంధ్రం పడిందేమో చూడాలి. రంధ్రం చిన్నదై, వెంటనే గుర్తిస్తే కొన్ని వారాల పాటు గొట్టం ఉంచడంతోనే అది మూసుకోవచ్చు. లేకపోతే అనుభవమున్న సర్జన్ దాన్ని కుట్టి సరిచేస్తారు.